బస్సు ఎడమ పక్క వాక్యం

పోయిన ఏడాది నేను స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలేసినప్పుడు, నా పనిలోకి వస్తున్న పిల్లలిద్దరు ఏదైనా సలహా చెప్పమని అడిగారు. నేను సలహా మొదలుపెడితే గంటకు తక్కువ ఆపనని ఆఫీసులో అందరికీ తెలుసు. మిగతావాళ్లు టీ కప్పులు పట్టుకుని మెల్లగా బయటికి జారుకున్నారు. ఆ రోజు నేనేమీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయం లేక కాదు. అందులో నేను నాలుగు చక్రాల బండి మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, వట్టి చేతులు ఊపుతూ కనిపిస్తాను. ఎదురుగా నిలబడి చెప్పడం కన్నా రాయడమే మేలనిపించింది. రాస్తే మీరు నవ్వేది నాకు వినపడదు.

మా పని సైన్సు బస్సు. కరీంనగర్‌లో ఆఫీసు. బస్సులో సీట్లు పీకేసి కటకాలు, అయస్కాంతాలు, ఎముకల గూడు, తిరిగే గ్రహాలు బిగించి ఉండేవి. ఇటు ధర్మపురి, పెద్దపల్లి, అటు ఆదిలాబాద్ దాకా బడికో రోజు చొప్పున తిరిగేవాళ్లం. వివరించేది నేను, నడిపేది డ్రైవర్. ఆయనది ఆదిలాబాద్. పత్తి మిల్లుల పక్క వీధిలో మరాఠీ వింటూ పెరిగాడు కనుక నన్ను అక్కా అనకుండా తాయి అనేవాడు. నా పాఠాలన్నీ నాకన్నా ఆయనకే బాగా నోటికొచ్చు. నేను ఒక మాట మింగేస్తే ముందు అద్దంలోంచి కనుబొమలు ఎగరేసేవాడు.

బస్సు ఎడమ పక్కన పొడవునా ఎర్రటి రాకెట్ బొమ్మ ఉండేది. దాని కింద జానెడేసి అక్షరాల్లో నేను రాసిచ్చిన వాక్యం: "రాకెట్ పొగ బయటి గాలిని వెనక్కి తోస్తుంది, ఆ గాలి రాకెట్‌ను ముందుకు తోస్తుంది." పెద్దపల్లి పెయింటర్ ఒకాయన దాన్ని రాశాడు. వాక్యం పొడుగైంది, చివరి మాట తలుపు మీదికి పోతుంది, జర తగ్గించండని బతిమాలాడు. ఒక్క అక్షరం తగ్గదన్నాను. ఇది సైన్సు, సినిమా పోస్టర్ కాదని కూడా అన్నాను. చివరికి "తోస్తుంది" తలుపు మీదే పడింది. తలుపు తెరిచినప్పుడల్లా నా వాక్యం విరిగేది.

ఆ వాక్యం ఎక్కడ్నుంచి తెచ్చానని మీరు అడగాలి. నన్ను నేనెప్పుడూ అడగలేదు. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివినదాన్ని. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందన్న సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఈదేవాడు నీళ్లను తోస్తాడు, తెడ్డు నీళ్లను తోస్తుంది, మరి రాకెట్ కూడా దేన్నో ఒకదాన్ని తోయాలి. గాలి తప్ప అక్కడింకేముంది? ఇంతే నా పరిశోధన. అదే నోటితో, అంతరిక్షంలో గాలి ఉండదని కూడా రోజూ చెప్పేదాన్ని. మొదటిది బస్సు బయట, రెండోది బస్సు లోపల. ఏళ్ల తరబడి ఆ రెండూ ఒకదానికొకటి ఎదురుపడలేదు.

ఒక ఏడాది పైనుంచి కబురొచ్చింది. సముద్రం ఒడ్డున రాకెట్ ఎగరడాన్ని దగ్గర్నుంచి చూడటానికి మా జిల్లా తరఫున పదో తరగతి చదివేవాళ్లలో ఒకరిని, తోడుగా ఒక ఉద్యోగిని పంపవచ్చు. చదివేవాళ్లను పరీక్ష పెట్టి ఎంచాలి. తోడును ఎంచే పని లేదు. రాకెట్ గురించి అన్నేళ్లు అరిచి, దాన్ని టీవీలో తప్ప ఎరగనిదాన్ని. "ఎవలు పోతరమ్మా?" అని మా ఆఫీసర్ అడిగేలోపే నా పేరు రాసేశాను.

ప్రశ్నపత్రం నాదే, జవాబుల పట్టీ నాదే. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. పద్నాలుగో ప్రశ్న: రాకెట్ దేన్ని తోసి పైకి పోతుంది? నేలను, నీటిని, బయటి గాలిని, సూర్యకాంతిని. నా పట్టీ ప్రకారం బయటి గాలిని.

ధర్మపురిలో ఒక అబ్బాయికి ఇరవైకి ఇరవై వచ్చాయి. కరీంనగర్‌కు అవతల ఒక మరమగ్గాల పట్టణంలో ఒక అమ్మాయికి పందొమ్మిది. ఆ అమ్మాయి పద్నాలుగో ప్రశ్నకు నాలుగు జవాబులూ కొట్టేసి, పక్క ఖాళీలో "తన లోపలిదాన్నే" అని రాసింది. నేను ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, కింద ఇలా రాశాను: "ఇచ్చిన జవాబుల్లోంచే ఎంచాలి. సొంత తెలివి వద్దు." ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. సైన్సు బస్సులో కూర్చుని సొంత తెలివి వద్దని రాసినదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

వారం తర్వాత ఆ పట్టణం మీదుగా పోతూ, దిద్దిన పేపర్లు బడిలో ఇచ్చి వస్తున్నాను. బస్సు దగ్గర అమ్మాయి తండ్రి నిలబడి ఉన్నాడు. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. ఆయన సాంచాలు బాగుచేసే మేస్త్రీ. చేతులనిండా నల్లటి నూనె. బిడ్డ పేపరును మాత్రం మరక అంటకుండా రెండు వేళ్ల కొసలతో పట్టుకున్నాడు. వెనక నుంచి అమ్మాయి "బాపు, పోదాం దా" అని ఆయన అంగీ గుంజుతోంది.

"మేడం, నా బిడ్డ రాసింది తప్పా?"

"అన్నీ మంచిగ రాసింది. గీ ఒక్కటే తప్పు."

"గీ ఒక్కదానికే రాకెట్ సూసుడు పోయింది గద. ఎట్ల తప్పో జర చెప్పుండ్రి. నాకు సమజైతే పోత."

ఈదేవాణ్ని చెప్పాను, తెడ్డును చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మీదికి పోయినంక గాలి ఉంటదా మేడం?"

"ఉండదు."

"మరి ఆడ దేన్ని నూకుతది?"

నా వాదన కాలు జారింది. జారినదాన్ని మాటలతో ఎత్తి నిలబెట్టడం నాకు బాగా అలవాటు. "అప్పటికే ఊపు మీద ఉంటది. గా ఊపు తోనే పోతది" అన్నాను.

"ఆడికి పోయినంక గూడ మల్ల మంట పెడ్తరట, దారి మలుపుతరట. పుస్తకంల ఉన్నదని మా బిడ్డ చెప్తది."

"పుస్తకాలల్ల శాన ఉంటయి. బస్సు మీద అంత పెద్దగ రాసున్నది, సూడుండ్రి."

ఆయన తల తిప్పి వాక్యం మొదటి నుంచీ చదివాడు. తలుపు తీసి ఉంది కనుక చివరి మాట కోసం కాస్త వెతుక్కున్నాడు.

"సక్కగున్నది. ఎవలు రాసిండ్రు మేడం?"

డ్రైవర్ దగ్గాడు. నేనే అన్నాను.

"మీరు రాసిందే మీకు సాక్ష్యమా?"

వాదన ఓడిపోయేటట్టుంటే నేను గొంతు పెంచుతాను. పెంచబోతుంటే మేస్త్రీ చాలా మర్యాదగా అన్నాడు: "మా కార్ఖాన గీ సందులనే. పది నిమిషాలు రాండ్రి. బిడ్డది తప్పయితే మీకు మాఫీ చెప్పిస్త."

"ఒప్పయితే?"

"ఒప్పయితే ఏం జెయ్యాల్నో మీరే చెప్పుండ్రి. సదువుకున్నోళ్లు."

"జాఊ ద్యా తాయి, పోనియ్యుండ్రి, పెద్దపల్లికి ఆలస్యమైతది" అన్నాడు డ్రైవర్. కానీ వాదన సగంలో వదిలేసి నేనెప్పుడూ బస్సెక్కలేదు. మేస్త్రీ వెంట నడిచాను, గెలవడానికే.

కరెంటు పోయి కార్ఖానాలో సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు నలుగురు గడప దగ్గర గాలికి కూర్చున్నారు. నూలు చుట్టిన బరువైన బీములను అటూ ఇటూ చేర్చే నాలుగు చక్రాల బండి ఒక మూలన ఉంది. మేస్త్రీ దాన్ని మధ్యకు లాగి, చక్రాలకు నూనె చుక్కలు వేసి, వేలితో తోసి చూపించాడు. నున్నటి గచ్చు మీద అలా జారిపోయింది.

"కూసుండ్రి."

"నేనెందుకు, మీరు కూసోండ్రి."

"నేను కూసుంటె కాలు తోని నూకిన్నంటరు."

అనేదాన్నే. అందుకే కూర్చున్నాను. కుచ్చిళ్లు బిగించి, మోకాళ్లు ముడుచుకుని, పిరమిడ్‌లా. డ్రైవర్ గోడ వైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు కదలడం కనిపిస్తూనే ఉంది. పడుగు బిగువుగా ఉండటానికి సాంచాకు ఇనుప దిమ్మెలు వేలాడదీస్తారు. అవి ఆరు తెచ్చి బండి మీద నా పక్కన పెట్టాడు మేస్త్రీ. గోడ వారగా గోనెసంచులు పరిచాడు.

"గోడ దిక్కు ఒకటి ఇసురుండ్రి."

విసిరాను. దిమ్మె సంచుల మీద దబ్బున పడింది. బండి నన్ను మోసుకుని బెత్తెడు వెనక్కి జరిగింది. అమ్మాయి సుద్దముక్కతో గీత గీసింది. తర్వాత బండిని బార్లా తీసిన తలుపు వైపు తిప్పారు. ముందు గోడ లేదు, ఖాళీ వాకిలే. మళ్లీ విసిరాను. మళ్లీ బెత్తెడే.

"గోడ ఉన్నా లేకున్నా ఒక్కతీరుగనే జరిగింది గద మేడం."

"గోడ లేకున్నా గాలున్నది గద. దిమ్మె గాలిని నూకింది." ఆ మాట మీద నాకే నమ్మకం లేదు. అయినా నోటిది నోటి దారే.

మేస్త్రీ నొచ్చుకోలేదు. "గాలిని నూకుడే అయితే గా దిమ్మెలు ఎందుకు? పక్కకు పెట్టి వట్టి చేతులు ఊపుండ్రి."

ఊపాను. రెండు చేతులూ, బలంగా, కోపంగా. నేనొక ప్రభుత్వోద్యోగిని; ఇద్దరు ఆఫీసర్లను నోటితో గడగడలాడించినదాన్ని. బండి ఉన్నచోటే కాస్త ఊగింది తప్ప వేలెడు కూడా జరగలేదు.

"తలుపు ఎయ్యండ్రే, మేడం ఎగిరిపోతదేమో" అంది కండెలు చుట్టే పెద్దావిడ.

నవ్వులు ఆగాక మేస్త్రీ ఇంకొకటి చేయమన్నాడు. దిమ్మెను విసిరినట్టే చేతులు చాచాలి, వదలకూడదు. చాచాను. బండి కొంచెం వెనక్కి పోయింది. దిమ్మెను మళ్లీ ఒళ్లోకి లాక్కుంటే బండీ మళ్లీ మొదట ఉన్నచోటికే వచ్చింది.

"గిదే మా సాంచా" అన్నాడు మేస్త్రీ. పక్క మగ్గం మీంచి పేక దారం మోసే నాడెను తీసి చూపించాడు. "గీ నాడెను ఇసురుతది, అవతల పక్కన పట్టుకుంటది. ఇసిరినప్పుడు గిటు, పట్టుకున్నప్పుడు గటు. దినమంత ఊగుతది, ఉన్న జాగ ఇడువది. మీ రాకెట్ ఇసిరినదాన్ని మల్ల పట్టుకోదు. గందుకే అది పోతది."

అన్నేళ్లుగా నేను నోటికి చెప్పిన సూత్రం ఆ రోజు మొదటిసారి నాకు అర్థమైంది. ఎవర్ని ఎవరు తోస్తున్నారన్నదే నేను తప్పుగా చూశాను. రాకెట్ తోసేది బయటి గాలిని కాదు, తన కడుపులో మండి బయటికి దూకే వాయువును. ఆ వాయువే తిరిగి రాకెట్‌ను తోస్తుంది. లెక్క ఆ ఇద్దరి మధ్యే తేలిపోతుంది. బయట గాలి ఉన్నా లేకపోయినా వాళ్లకు పనిలేదు. నిజానికి గాలి అడ్డమే.

"గీ ముచ్చట బిడ్డకు మీరే చెప్పిండ్రా?" అని అడిగాను.

"నేను సాంచా ముచ్చటే చెప్పిన. రాకెట్‌ను అదే కలుపుకున్నది."

అమ్మాయి నేల చూస్తోంది. ఎవరూ అడక్కపోయినా మిగిలిన దిమ్మెలు నాలుగూ ఒకదాని వెనక ఒకటి విసిరాను. బండి ఆగకముందే ఇంకొకటి, అది ఆగకముందే ఇంకొకటి. ఊపు మీద ఊపు చేరింది. పైగా దిమ్మె పోయేకొద్దీ బండి తేలికై, కడపటిది విసిరినప్పుడు అన్నిటికన్నా గట్టిగా జరిగింది. రాకెట్‌లో సింహభాగం ఇంధనమే ఎందుకుంటుందో, ఖాళీ అయిన డబ్బాలను దారిలోనే ఎందుకు వదిలేస్తుందో నా నడుముకు తెలిసింది. డ్రైవర్ పరుగెత్తుకొచ్చి పట్టుకోకపోతే సాంచాకు గుద్దుకునేదాన్నే. దిమ్మెలు అయిపోయాక కూడా బండి ఊపు మీదే పోయిందని గమనించగలరు. ఊపు గురించి నేనన్నది మాత్రం తప్పు కాదు.

"ఒప్పా మేడం?" అన్నాడు మేస్త్రీ.

"ఒప్పే." ఆ రెండక్షరాలు దిమ్మెల కన్నా బరువున్నాయి.

బస్సు ఊరు దాటాక డ్రైవర్ నోరు విప్పాడు. "తాయి, ఒక మాట. ధర్మపురిల పరీక్ష నాడు బస్సును నీడకు పెట్టిన. ఎడమ పక్క కిటికీల దిక్కే ఉండె."

ధర్మపురిలో ఆ ఒక్క ప్రశ్న బడి మొత్తానికీ ఒప్పయింది. నా బోధన ఫలించిందని సంబరపడ్డాను. ఫలించింది పెయింటర్ చేతిరాత.

మర్నాడు ఆఫీసర్ ముందు కాగితం పెట్టాను. పద్నాలుగో ప్రశ్నకు జవాబు తప్పు, తప్పు నాది, ఆ అమ్మాయికి ఇరవై, ధర్మపురి అబ్బాయికి పందొమ్మిది. ఆయన మంచివాడు. ఏ తలనొప్పి వచ్చినా దాని మీద ఫైలు కప్పి పడుకోబెట్టేవాడు.

"బస్సు మీద గూడ గట్లనే ఉన్నది గదమ్మా?"

"బస్సు మీద రాసింది గూడ నేనే సార్."

"అయితే గా ప్రశ్ననే తీసేద్దాం. ఇద్దరికీ పందొమ్మిది. చిట్టీలు ఏద్దాం."

"ఒప్పు రాసిన పిల్లకు చిట్టీ ఏంది సార్? దానికి ఇరవై వచ్చినయి."

"సరే, పిల్లనే పంపుదాం. మరి బస్సును నమ్మిన పోరగాడు ఏం పాపం జేసిండు? వాళ్లింట్ల సంచి గూడ సర్దుకున్నరట. మొన్న ఆని నాయన ఫోన్ జేసి, ఆడ ఉప్పుగాలికి స్వెట్టర్ కావాల్నా అని అడిగిండు."

నాతో వాదించి గెలిచినవాళ్లలో ఆ వారంలో ఆయన రెండోవాడు. ఫ్యాను తిరుగుతోంది. సీట్లు రెండే. ఒకటి చదివేవాళ్లకు, ఒకటి నాకు.

"నా పేరు కొట్టేయుండ్రి. ఇద్దరు పిల్లలూ పోతరు. ఆదిలాబాద్ జిల్లా తరఫున పోయే పిల్లకు తోడుగ ఒక టీచరమ్మ పోతున్నది గద, ఆమె వెంట పంపుదాం."

"ఫికర్ చెయ్యకుంట మంచిగ ఆలోచించుకోమ్మా. మల్ల ఎన్నడొస్తదో ఏమో."

ఆలోచిస్తే మనసు మారుతుందని తెలుసు. నిలబడే సంతకం పెట్టాను. దీన్ని త్యాగమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పక్కింటి గ్లాసు పగలగొట్టినవాళ్లు తమ ఇంట్లోది తెచ్చిస్తారు, అంతే. ఏడుపు రాలేదా అంటే వచ్చింది, కానీ అది ఆఫీసు పనివేళల్లో కాదు.

రాకెట్ లేచిన ఉదయం మేము ఆదిలాబాద్‌లో ఉన్నాం. పత్తి బండ్ల వరస వెనక బస్సు ఇరుక్కుంటే, రోడ్డు పక్క హోటల్లో టీవీ ముందు నిలబడ్డాం. పొగ కమ్మింది, నిప్పు కనిపించింది, అది మెల్లగా లేచింది. మిల్లుల నుంచి దూది పింజలు కొట్టుకొచ్చి టీవీ అద్దానికి అంటుకుంటున్నాయి. డ్రైవర్ టీ ఊదుకుంటూ అడిగాడు: "తాయి, ఇప్పుడు అది పొగను నూకుతున్నదా, పొగ దాన్ని నూకుతున్నదా?"

"రెండూ. సప్పుడు చెయ్యక సూడు."

పెయింటర్‌ను మళ్లీ పిలిపించాను. నన్ను చూడగానే, "ఒక్క అక్షరం తగ్గదంటిరి గద మేడం" అన్నాడు. దానికోసమే వచ్చినట్టున్నాడు. ఈసారి వాక్యం చిన్నది: "రాకెట్ తనలోనిదాన్ని వెనక్కి విసురుతుంది, అందుకే ముందుకు పోతుంది." తలుపు దాకా రానే లేదు. పాత అక్షరాల మీద రెండు పూతలు వేసినా, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే అవి ఇప్పటికీ లీలగా పైకి తేలుతాయి. మీరు బస్సెక్కిన మొదటి రోజు ఆ మరకలేమిటని అడిగారే, అవి.

నెల తర్వాత ఆ మరమగ్గాల పట్టణంలోని బడికి వెళ్లాం. అమ్మాయి నా ముందుకొచ్చి నిలబడింది. మొదట వెలుతురు, చాలాసేపటికి చప్పుడు, ఆ చప్పుడు కాళ్లలోంచి వచ్చిందని చెప్పింది. ధర్మపురి అబ్బాయి చెవులు మూసుకుని అసలు సంగతి వినలేదట. తర్వాత నెమ్మదిగా అడిగింది:

"మేడం, అది సక్కగ మీదికి పోలే. జరసేపటికి పక్కకు వంగింది. ఎందుకు?"

నోరు తెరిచాను. జవాబు దాదాపు సిద్ధంగా ఉంది, నాకెప్పుడూ ఉంటుంది. అద్దంలో డ్రైవర్ కనుబొమలు లేచాయి. నోరు మూసుకున్నాను. ఆ ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆ మాట అన్నాను.

"తెలుసుకొని చెప్త బిడ్డా."

"నాకు ఎర్కే మేడం. మీకు ఎర్కనా అని అడిగిన."

"అయితే నువ్వే చెప్పు" అన్నాను. చెప్పింది. పైకి పోవడం సగం పనేనట. ఉత్త పైకే పోతే తిరిగి కింద పడుతుంది. పక్కకు ఎంత జోరుగా పోవాలంటే, పడుతూ పడుతూ ఉన్నా భూమి గుండ్రంగా కిందికి వంగిపోతూ దానికి అందకూడదట.

బస్సు కుడి పక్కన నేను రాయించిన వాక్యం ఆ అమ్మాయి చెప్పిన ఆ మాటే. నమ్మేముందు దాన్నీ ఒకసారి పరీక్ష పెట్టి చూడండి. ఆమె ఏమీ అనుకోదు. నేనైతే అనుకునేదాన్ని.